పార్క్‌లేన్‌లో ర్యామ్ రేటు

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర బస్సు దిగి పార్క్‌లేన్‌లోకి తిరిగితే చెనాయ్ ట్రేడ్ సెంటర్. పూర్తి పేరు బోర్డుల మీదే, జనం నోట్లో అది సీటీసీ. 1997 ప్రాంతంలో ఆ మెట్లెక్కుతుంటే అన్నిటికంటే ముందు వినబడేది బీప్. ఏ దుకాణంలో చూసినా మూత లేని క్యాబినెట్ ముందు ఎవరో ఒకరు వంగి ఉండేవాళ్లు. కరెంటు ఇవ్వగానే బోర్డు ఒక్కసారి పొట్టిగా పలికిందా, గండం గడిచినట్టే. పొడుగ్గా, ఆగి ఆగి, అదే పనిగా మొత్తుకుంటోందా, చాలామట్టుకు ర్యామే. పక్క దుకాణంలో మోగినా సరే మా మామ కుర్చీలోంచి లేవకుండా, "ర్యామ్ పీకి తుడువురా" అని కేకేసేవాడు.

మామ అంటే అమ్మకు తమ్ముడు. టైప్‌రైటర్లు బాగుచేసే చోట పని నేర్చి, కంప్యూటర్లొచ్చాక ఇటు మళ్లినవాడు. రెండో అంతస్తులో మెట్ల పక్కన దుకాణం. నలుగురు నిలబడితే అయిదోవాడు వరండాలో ఉండాల్సిందే. ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడే అమ్మ, "ఇంట్ల ఉంటె ఇల్లు పీకి పందిరేస్తడు, నీ ఎంట తీస్కపోరా" అని నన్ను ఆయన స్కూటర్ వెనక కూర్చోబెట్టేది. చాయ్ చెప్పి రావడం, పెట్టెల్లోంచి చెదిరిన థర్మాకోల్ ఏరడం, ర్యామ్ తుడవడం నా పనులు. మూడోది మాత్రం ఎవరూ చెప్పకపోయినా చేసేవాణ్ణి.

తుడవడానికి స్కూలు సంచీలోని నటరాజ్ రబ్బరే. ర్యామ్‌ను రెండు చివరలా పట్టుకోవాలి, చిప్పుల మీద వేళ్లు పడకూడదు. పట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకోవాలి, ఒంట్లో ఉన్న స్టాటిక్ అందులోకి పోతుందని. అంచున వరసగా ఉండే వెండిరంగు, పసుపురంగు గీతల్ని మామ పళ్లు అనేవాడు. రబ్బరును పైనుంచి కిందికి ఒకే వైపు లాగాలి, అడ్డంగా రుద్దితే పళ్లు లేచొస్తాయి. రబ్బరు నల్లబడేకొద్దీ పళ్లు మెరిసేవి. తర్వాత చిన్న పెయింటింగ్ బ్రష్షుతో పొట్టు దులపాలి. నోటితో ఊదితే మామకు కోపం. "తుంపర్లు పడ్తయ్, మళ్ల తుప్పు పడ్తది" అనేవాడు. చచ్చిపోయిందని తెచ్చిన కంప్యూటర్లలో ఎన్నో ఆ ఒక్క తుడుపుతో లేచి కూర్చున్నాయి. దానికి మామ పైసలు తీసుకునేవాడు కాదు. చాయ్ మాత్రం వాళ్లచేత తెప్పించేవాడు.

నా చేతికి మొదట వచ్చినవి 30 పిన్నుల సిమ్‌లు. మాకు తెలిసిన ఇళ్లలో ఇంకా ఎవరి చేతిలోనూ సెల్‌ఫోన్ లేదు, కాబట్టి సిమ్ అంటే మాకు ఇదొక్కటే. చూపుడువేలంత పొడవుండే పలక, దానిమీద ఎనిమిదో తొమ్మిదో చిప్పులు. ఎనిమిది ఎందుకు, తొమ్మిది ఎందుకు అన్నదే మామ నాకు చెప్పిన మొదటి పాఠం. ఆ పలక ఒక్కసారికి ఎనిమిది బిట్లు ఇస్తుంది. తొమ్మిదో చిప్పు ఉంటే అది పారిటీ, మిగతా ఎనిమిదీ చెప్పింది సరిగ్గా ఉందా లేదా అని చూసే కాపలాదారు. ప్రాసెసరు ఎన్ని బిట్లు అడుగుతుందో దాన్నిబట్టి పలకలు పెట్టాలి. 386 ఎస్‌ఎక్స్ 16 అడుగుతుంది, రెండు కావాలి. 486 అడిగేది 32, నాలుగు కావాలి. మూడు పెట్టి నాలుగోది వచ్చే నెల కొనుక్కుంటానంటే కుదరదు.

ఆ తర్వాతివి 72 పిన్నులవి. ఒక్కో పలకే 32 బిట్లు ఇస్తుంది, 486కి ఒకటి చాలు. పెంటియమ్ వచ్చి 64 అడగడంతో మళ్లీ జోడీ అవసరం పడింది. "ఒక్క ఎనిమిది ఎంబీ ఇయ్యన్నా, పైసలు అంతే ఉన్నయ్" అని వచ్చిన పిల్లల్ని మామ ఎందర్ని తిప్పి పంపాడో. "ఒక్కటి పెడ్తె బోర్డు మాట్లాడదు బిడ్డా, జోడీ తీస్కో. రెండు నాలుగులు ఇస్త" అనేవాడు. అలా రెండు నాలుగులతో సరిపెట్టుకున్నవాడు ఏడాది తిరిగేసరికి విండోస్ 95 కదలడం లేదని మళ్లీ వచ్చేవాడు. స్లాట్లు నిండిపోయి ఉంటాయి కాబట్టి పాతవి తీసి మామకే అమ్మాలి. ఆ పాతవి మర్నాడు ఇంకొకరి 486లోకి పోయేవి.

సిమ్ ఎక్కించడం వేళ్లకు సంబంధించిన విద్య. నిటారుగా గుచ్చితే పోదు. ఏటవాలుగా స్లాట్‌లో ఆనించి, పళ్లు అడుగుకు తగిలాయని తెలిశాక రెండు బొటనవేళ్లతో మెల్లగా నిలబెట్టాలి. అప్పుడు రెండు పక్కలా ఉన్న చిన్న క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. మంచి బోర్డులకు క్లిప్పులు స్టీలువి. చవక బోర్డులకు ప్లాస్టిక్‌వి, రెండుసార్లు తీసి పెడితే విరిగేవి. విరిగిన స్లాట్‌లో ర్యామ్ నిలబడదు, దారంతో కట్టి నడిపించిన బోర్డులు చూశాను. పళ్లు కూడా రెండు రకాలు, బంగారు పూతవి, తగరం పూతవి. స్లాట్‌లో తగరం ఉంటే తగరం, బంగారం ఉంటే బంగారం. కలిపితే కొన్నాళ్లకు మధ్యలో మకిలి చేరి బీప్ మొదలవుతుంది. ఇది చెప్తే కొనేవాళ్లు నమ్మేవాళ్లు కాదు, ఖరీదైనది అంటగట్టడానికి చెప్తున్నాడనుకునేవాళ్లు.

అసలు తలనొప్పి ఈడీఓతో. 72 పిన్నుల్లోనే ఫాస్ట్ పేజ్ అని పాత రకం, ఈడీఓ అని కొత్త రకం. పక్కపక్కన పెడితే కవల పిల్లలు. ఈడీఓలో ఉన్న తేడా ఏమిటంటే, ప్రాసెసరు తర్వాతి అడ్రసు అడుగుతున్నా ముందు అడిగిన సమాచారం ఇంకా తలుపు దగ్గరే ఉంటుంది. ఆ కాస్త అతివ్యాప్తిలో సమయం కలిసొస్తుంది. 1995లో వచ్చిన ఇంటెల్ ట్రైటన్ చిప్‌సెట్ బోర్డులు దీన్ని వాడుకోగలిగాయి. చాలా 486 బోర్డులకు మాత్రం పడేది కాదు. తేడా తెలియాలంటే చిప్పు మీది నంబరు చదవాలి. దాని చివర్లో ఉండే 60, 70 అంకెలు చెప్పేది వేగం. అవి నానోసెకన్లు, ఎంత తక్కువైతే అంత చురుకు.

నంబరు ఉంది కదా అని నమ్మడానికీ లేదు. 70ని గీకి 60 అని అచ్చువేసిన సరుకు బజారులో తిరిగేది. మామ దగ్గర గడియారాలవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటుండేది. అసలు చిప్పు ఉపరితలం సన్నటి ఇసుక పలకలా గరుగ్గా ఉంటుంది, చుట్టూ అంచులు ఒకేలా ఉంటాయి. గీకిన చిప్పు పైన నున్నగా, అంచు దగ్గర అరిగి ఉంటుంది. అనుమానం తీరకపోతే, గోళ్లరంగు తుడిచే ద్రవాన్ని దూదికి అద్ది ఒక మూల రుద్దేవాడు. అచ్చు దూదికి అంటుకొస్తే దొంగ సరుకు. అలా ఒకసారి ఒక డబ్బాడు సరుకు తిరగ్గొట్టాడు. పంపినవాడు తీసుకోలేదు, డబ్బులూ ఇవ్వలేదు. అప్పట్లో కొన్ని 486 బోర్డుల మీద ప్రాసెసరు పనిని వేగం చేసే క్యాష్ మెమరీ చిప్పులే డొల్లవి, లోపల సిలికాన్ లేని ప్లాస్టిక్ ముక్కలు, వచ్చేవి. వాటితో పోలిస్తే అంకె మార్చినవాడు మర్యాదస్తుడేనని మామ నవ్వేవాడు.

కరెంటు పోతే ర్యామ్‌లోది ఎందుకు పోతుందని అడిగాను ఒకసారి. క్లాక్ టవర్ దగ్గర పానీపూరీ తింటున్నాం. మామ ఒక పూరీ ఎత్తి చూపించాడు. "దీంట్ల నీళ్లు పోసి పెట్టు, ఎంతసేపుంటది? కారిపోతది. కారేలోపల మళ్ల పొయ్యాలె. ర్యామ్‌ల గిట్లాంటివి లక్షలుంటయ్. పోసెటోడు క్షణం ఆగినా ఖాళీ." చిన్నప్పుడు అర్థమైనంతవరకు అర్థమైంది. కాలేజీలో పుస్తకం తెరిచాక తెలిసింది, ఆయన చెప్పిందానిలో తప్పు లేదని. ఒక్కో బిట్టుకు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు. కెపాసిటరులో చార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఆ చార్జి కారిపోతూనే ఉంటుంది, కాబట్టి ప్రతి వరుసనూ మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపాలి. 1966లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్‌కు తట్టిన ఆలోచన ఇది, 1968లో పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ 1103 చిప్పు వచ్చాక డీర్యామ్ బజారుకెక్కింది. అందులో పట్టేది 1024 బిట్లే. డెనార్డ్ చెప్పిన ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు పద్ధతే ఈనాటికీ నడుస్తోంది. మారింది పలక, పళ్లు, వేగం, ఓల్టేజి.

ఆ పలక మార్పు నా కళ్లముందే జరిగింది. 72 పిన్నులవి వెళ్లిపోతుండగా 168 పిన్నుల డిమ్‌లు వచ్చాయి. కొన్నాళ్లు రెండు రకాల స్లాట్లూ ఉన్న బోర్డులు నడిచాయి. పాతది, కొత్తది కలిపి పెట్టొద్దని మామ బోర్డు పెట్టె మీద స్కెచ్ పెన్నుతో రాసి ఇచ్చేవాడు. సిమ్‌కి 5 ఓల్టులు, కొత్త డిమ్‌ల మీది ఎస్‌డీ ర్యామ్‌కి 3.3. డిమ్ పొడవు ఇంచుమించు అయిదుంపావు అంగుళాలు, కింద రెండు గాట్లు. సిమ్‌లో ముందూ వెనకా ఉన్న పళ్లు రెండూ కలిసి ఒకటే. డిమ్‌లో ముందు పన్ను వేరు, వెనక పన్ను వేరు. అందుకే ఒక్క పలకే 64 బిట్లు ఇవ్వగలిగింది. జోడీ బెడద తీరింది. ఎక్కించడం కూడా తేలిక. నిటారుగా పెట్టి రెండు చివరలా నొక్కితే తెల్ల చెవులు వాటంతటవే లేచి పట్టుకుంటాయి. గాటు కలవకపోతే నువ్వెంత బలవంతుడివైనా లోపలికి పోదు. నాకు ఆ గాటంటే ఇష్టం. తప్పు ఓల్టేజి స్లాట్‌లోకి పోకుండా ఆపే పని అంత చిన్న ఖాళీ చేస్తుంది.

ఎస్‌డీ ర్యామ్ బోర్డు గడియారంతో కలిసి నడుస్తుంది, అందుకే దానిమీద నానోసెకన్ల బదులు 66, 100, 133 అని రాసేవాళ్లు. పలక మూలన ఎనిమిది కాళ్ల బుల్లి చిప్పు ఒకటి కూర్చుంటుంది. నేనెవరిని, నా వేగమెంత అని బోర్డుకు చెప్పుకునేది అదే. పాపం దాన్లో కూడా అబద్ధాలు రాసిపెట్టే ఘనులు వచ్చారు.

ఎక్కువ ర్యామ్ పెడితే కంప్యూటరు నెమ్మదించిన కథ ఒకటుంది. చిక్కడపల్లిలో శుభలేఖలు వేసే డీటీపీ సెంటరాయన. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫోటోషాప్. పెళ్లిళ్ల సీజను ముందు 64 ఎంబీని 128 చేయించుకున్నాడు. రెండు రోజులకు సీపీయూ ఆటోలో వేసుకుని వచ్చి, "ఏం పెట్టినవ్ సేఠ్, ఎద్దుబండి అయింది" అన్నాడు. మామ ర్యామ్ మార్చి చూశాడు, వైరస్ వెతికాడు, బుర్ర గోక్కున్నాడు. చివరికి బోర్డు పుస్తకం తిరగేస్తే దొరికింది. అది 430టీఎక్స్ చిప్‌సెట్. దాని క్యాష్ మొదటి 64 ఎంబీనే చూసుకుంటుంది. ఆ పైనున్నదంతా క్యాష్ లేని మెమరీ. విండోసేమో పై చివరనుంచి వాడుకుంటూ వస్తుంది. కొత్త ర్యామ్ పీకేయగానే కంప్యూటరు పరుగెత్తింది. డబ్బు వాపసిచ్చినా ఆయనకు అనుమానం పోలేదు, నాసిరకం పెట్టి నాటకమాడుతున్నారనే అనుకున్నట్టున్నాడు. 256 ఎంబీ పలకను పాత 440బీఎక్స్ బోర్డులో పెడితే సగమే కనిపించడం ఇంకో తిరకాసు. పలక మీద పదహారు చిప్పులుంటే పూర్తిగా కనిపించేది, ఎనిమిదే ఉంటే 128. అంత చిక్కటి చిప్పును ఆ బోర్డు చదవలేదు. అందుకే మామ ర్యామ్ అమ్మేముందు ధర చెప్పేవాడు కాదు, బోర్డేదని అడిగేవాడు.

ఆ ధర సంగతి. కీబోర్డుకు ధర ఉంటుంది, ర్యామ్‌కు రేటు ఉంటుంది. పొద్దున షట్టరెత్తగానే మామ చేసే మొదటి పని డిస్ట్రిబ్యూటరుకు ఫోన్. మధ్యాహ్నం మళ్లీ ఒకటి. కొటేషన్ మీద ర్యామ్ వరుస పక్కన "ఇవాళ్టికే" అని రాసి గీత కొట్టేవాడు. మన దగ్గర అప్పట్లో ర్యామ్ చిప్పులు తయారయ్యేవి కావు. కొరియా, జపాన్, తైవాన్, అమెరికాల్లో ఎక్కడ దగ్గినా పార్క్‌లేన్‌కు జలుబు. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో ఒక రసాయన ఫ్యాక్టరీ పేలింది. చిప్పులకు పైన పోసే ఎపాక్సీ బంక ప్రపంచానికి చాలావరకు అక్కణ్ణుంచే పోయేది. రాత్రికి రాత్రి ర్యామ్ రేటు లేచి కూర్చుంది. నేనప్పుడు దుకాణానికి పోయే ఈడు కాదు, కానీ మామ ఆ కథను ఎన్నిసార్లు చెప్పాడంటే పేలుడు నేనే చూసినట్టుంటుంది.

చూసింది 1999ది. సెప్టెంబరు 21న తైవాన్‌లో భూకంపం. రెండు వేల మందికి పైగా పోయారు. షించూలోని చిప్పుల ఫ్యాక్టరీలకు కరెంటు పోయి పని ఆగింది. అసలే రేట్లు పెరుగుతున్న నెల, ఆ వార్తతో ఆకాశానికి పోయాయి. మామ దగ్గర అంతకుముందే కొన్న సరుకుంది. ఆ వారంలో ఆయన సంపాదించినంత మిగతా ఏడాది మొత్తంలో సంపాదించలేదు. ఇంటికి మైసూర్‌పాక్ తెచ్చాడు. అమ్మ టీవీలో కూలిన భవనాలు చూస్తోంది. డబ్బా ముట్టుకోలేదు. "మనుషులు సచ్చిపోతె నీకు పైసలొచ్చినయా?" అంది. మామ, "నేనేమన్న కూలగొట్టిన్నా అక్కా?" అన్నాడు. ఇద్దరిదీ నిజమే. మైసూర్‌పాక్ నేను తిన్నాను.

ఆ ధీమాతోనే తర్వాత సరుకు నింపాడు. 2001లో రేట్లు పాతాళానికి పడ్డాయి. పొద్దున కొన్నది సాయంత్రానికి నష్టం. వై2కే గొడవ ముగిసి, అమెరికాలో కంపెనీలు మూతపడి, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు బోసిపోయిన రోజులవి. స్కూటర్ అమ్మలేదుగానీ దుకాణంలో సగం ఇంకొకరికి అద్దెకిచ్చాడు.

ర్యాంబస్ అనే రకం ర్యామ్‌ను మేం కొన్నిసార్లే ముట్టుకున్నాం. 2000 చివర్లో పెంటియమ్ 4 వచ్చినప్పుడు దాని బోర్డులకు ఆ ర్యామే పెట్టాలి. పైన అల్యూమినియం తొడుగు, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. జోడీ మళ్లీ వచ్చింది. పైగా ఖాళీ స్లాట్లను ఖాళీగా వదలకూడదు, చిప్పులేని పలకలు పెట్టి దారి కలపాలి. సిగ్నలు ఒక స్లాట్‌లోంచి ఇంకో స్లాట్‌లోకి వరుసగా పోవాలి మరి. ఒక ఆఫీసులో శుభ్రం చేసినవాడెవడో ఆ పలకలు దండగని తీసి డ్రాయరులో పడేశాడు. కంప్యూటరు చచ్చింది. మామ వెళ్లి, డ్రాయరు తెరిపించి, రెండు పలకలు గుచ్చి, విజిటింగ్ చార్జి తీసుకుని వచ్చాడు. ఆ ర్యామ్ నిలబడదని మొదట్నుంచీ ఆయన అనేవాడు. ఎందుకంటే సామాన్యుడు కొనలేడు, అంతే ఆయన లెక్క. ఏడాది తిరక్కుండానే పెంటియమ్ 4కి ఎస్‌డీ ర్యామ్ బోర్డులు వచ్చాయి, వెనకే డీడీఆర్‌వి.

డీడీఆర్ తర్వాత నాకు దుకాణంతో సంబంధం పలచబడింది. ఇంజనీరింగ్, హాస్టలు. 184 పిన్నుల డీడీ వన్‌కు, అంటే మొదటి డీడీఆర్‌కు, ఒకటే గాటు. డీడీ టూకి, త్రీకి పిన్నులు రెండింటికీ 240, గాటు చోటు వేరు. ఫోర్‌కి 288, ఫైవ్‌కీ అంతే, అక్కడా గాటు జరిగింది. ఓల్టేజి 2.5 నుంచి మెట్టుమెట్టుగా 1.1కి దిగింది. లేబుళ్ల మీద 133 కాస్తా ఒక్కసారిగా 2100 అయింది. వేగం అంత పెరిగి కాదు. మెగాహెర్ట్జ్ బదులు సెకనుకు ఎన్ని మెగాబైట్లో రాయడం మొదలెట్టారు, ర్యాంబస్ 800 అని రాసుకుంటుంటే చిన్నబోకుండా.

లాక్‌డౌన్ తర్వాత మామ దుకాణం ఎత్తేశాడు. సామాను ఇంటికి తెచ్చి వేరుచేస్తుంటే సాయానికి నేనూ వెళ్లాను. 30 పిన్నులవి, 72వి, డిమ్‌లు అట్టపెట్టెల్లో. ఇక ఏ బోర్డుకూ పనికిరానివి. పాత ఎలక్ట్రానిక్ సరుకు కొనేవాళ్లు కిలోల లెక్కన తీసుకుంటారు, పళ్ల మీది బంగారం కోసం. వచ్చినవాడు అన్నీ కలిపి తూకం వెయ్యబోతే మామ ఒప్పుకోలేదు. బంగారు పళ్లవి ఒక కుప్ప, తగరంవి ఒక కుప్ప చేయించి, దేని రేటు దానికి కట్టించుకున్నాడు. డీడీ ఫోర్ కొత్తవి కొన్ని, కవరు విప్పనివి, మాత్రం పక్కన పెట్టాడు. ఎందుకు మామా అంటే, "ఇవి ఇంక నడుస్తయ్, ఆగు" అన్నాడు.

2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ప్రపంచమంతా ర్యామ్ రేట్లు ఎగబాకాయి, పాత డీడీ ఫోర్‌తో సహా. ఓ ఆదివారం మామ నుంచి ఫోన్. పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో పెట్టాడట, బోయిన్‌పల్లి నుంచి ఎవరో కుర్రాడు వచ్చి పట్టుకుపోయాడట.

"ఎంతకిచ్చావు మామా?"

"చెప్పినదానికే. బేరం కూడ ఆడలేదురా వాడు. ఇంకో వెయ్యి ఎక్కువ చెప్పాల్సుండె."